కృపయు సత్యమును: బిషప్ అజరయ్యగారి జీవితము

కృపాసత్యములు అనే జంటపదమును మన ప్రార్థనలలో ఎంత సులువుగా పలుకుతామో, ఆ రెంటిని మన నడవడిలో ఒకచోట ఉంచడము అంత కష్టము. మన సంఘపు పంచాయతీలనే తీసికొందాము. పెద్ద జాలిగుండె గలవాడైతే తప్పు చూచి కూడా చూడనట్లు ఊరకుంటాడు, ఎవరి మనసూ నొప్పించకూడదంటాడు. సత్యమునకు నిలబడే పెద్ద అయితే తప్పు చేసినవానిని బయటికి పంపి తలుపు వేసికొనే దాక నిద్రపోడు. మొదటివాని దగ్గర తప్పు బాగుపడదు. రెండవవాని దగ్గర మనిషి మిగలడు. 85వ కీర్తన వ్రాసిన భక్తుడు కృపను, సత్యమును వేర్వేరు త్రోవలలో పోనివ్వక ఒకచోట కలిపి చూపించాడు. యోహాను సువార్తికుడు ఆ రెండు ఒకే వ్యక్తిలో నిండుగా ఉండగా చూచానని సాక్ష్యమిచ్చాడు. ఆ ప్రభువును వెంబడించినవారిలో, మన తెలుగు నేలమీద, ఆ రెంటిని కలిపి నడచినవారు ఎవరని పిల్లలు అడిగితే మేము దోర్నకల్ వైపు చూపిస్తాము. ఈ శతాబ్ది సంచికలో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారిని గూర్చి వ్రాయుటకు పూనుకొన్నది అందుకే. ఆయన చేసిన పనుల పట్టిక మన సంఘస్థులలో చాలామందికి తెలిసినదే. అయితే ఆ పనుల వెనుక ఉన్న మనిషిని మనము కొంత మరచిపోయామేమో అని మా అనుమానము.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874వ సంవత్సరము ఆగస్టు 17న తమిళదేశములో, తిరునల్వేలి ప్రాంతమున వెళ్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ పల్లె సంఘమునకు గురువు, హిందూ కుటుంబములో పుట్టి చిన్నతనములో క్రీస్తును అంగీకరించినవారు. వారిది నాడార్ కులము. ఒకప్పుడు పై కులములవారు హీనముగా చూచిన కులమే అది. అజరయ్యగారికి పదునైదేండ్ల ప్రాయములో 1889లో తండ్రి మరణించగా తల్లి ఎలెన్ అమ్మగారు భక్తిలోను క్రమములోను ఆయనను పెంచారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా పుచ్చుకోలేదు. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1920లో పిలిచి గౌరవ డాక్టరు పట్టము ఇచ్చినది గనుక ఆ లోటును గూర్చి మనము బాధపడనక్కరలేదు.

1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతా రైలుమీద తిరుగుతూ యువకుల మధ్య పని చేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసికొన్నారు. ఆమె ఆ దినములలోనే కాలేజీ చదువు చూచిన యువతి. ఆ పెండ్లిలో కట్నము లేదు, ఆడంబరము లేదు. కట్నము తప్పని ప్రసంగించే యువకులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తన పెండ్లినాడు ఆ ప్రసంగము జ్ఞాపకముంచుకొన్నవారు తక్కువ. అజరయ్యగారి సత్యము ముందుగా తన ఇంటిలోనే మొదలైనదని చెప్పుటకే దీనిని వ్రాశాము.

1902లో ఆయన సింహళములోని యాళ్ళపాణము వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమవారినే మిషనరీలుగా పంపుతూ ఉండుట చూచి ఆయన మనసు చివుక్కుమన్నది. తిరునల్వేలిలో అంతకంటె ఎన్నో రెట్లు క్రైస్తవులు ఉన్నారు. గుడులు ఉన్నవి, బడులు ఉన్నవి, పండుగలు ఉన్నవి. కాని ఇతరులకు సువార్త పంపవలెనన్న భారము మాత్రము తెల్లదొరలదే అనుకొని కూర్చున్నారు. ఇంటికి తిరిగివచ్చి ఆ మాట తనవారితో దాపరికము లేకుండా చెప్పారు. దాని ఫలముగా 1903 ఫిబ్రవరిలో పాలెంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సంఘము స్థాపించబడినది. భారతీయ మనుష్యులు, భారతీయ ధనము, భారతీయ నిర్వహణ దాని నియమము. ఆ సంఘము తన మొదటి పొలముగా ఏరుకొన్నది నిజాం రాష్ట్రములోని దోర్నకల్ ప్రాంతమును. తమిళ పేదరాండ్రు గుప్పెడు గుప్పెడుగా తీసిపెట్టిన బియ్యము మన తెలుగు పల్లెలకు సువార్తగా వచ్చినదని మన పిల్లలకు చెప్పాలి. 1905 క్రిస్మసు దినమున సేరంపూరులో, కేరీగారి గ్రంథాలయమున, నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడు కూడా అజరయ్యగారు ముందు నిలిచినవారే.

ఇతరులను వెళ్లండి వెళ్లండి అని పంపేవాడు తాను మాత్రము మద్రాసులో ఉండవచ్చునా? ఈ ప్రశ్న ఆయనను వెంటాడినది. అప్పటికి ఆయన పేరు విదేశములలో కూడా తెలుసు. 1907లో జపాను దేశములో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ మహాసభకు వెళ్లి వచ్చిన మనిషి. అటువంటివారు 1909లో ఆ ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటి దోర్నకల్ అంటే ఏమున్నది! సింగరేణి బొగ్గుకు చీలిపోయే రైలుదారి ఒకటి, చుట్టూ తుమ్మచెట్లు, అడవి, చెదురుమదురు పల్లెలు. ముప్పది అయిదవ ఏట అక్షరాలు దిద్దుకొని తెలుగు నేర్చుకొన్నారు. ఆయన చదువునుబట్టి, పేరునుబట్టి కోరుకొంటే ఏ పట్టణములోనైనా పెద్ద స్థానము దొరికేది.

మరుసటి సంవత్సరమే, 1910 జూన్‌లో, స్కాట్లండు దేశపు ఎడింబరో నగరములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. ప్రతినిధులు సుమారు పన్నెండు వందలమంది. వారిలో ఆసియా దేశపు సంఘములవారు ఇరవైమంది చుట్టుపక్కల ఉంటారేమో. విదేశ మిషనరీలకు, స్వదేశ సేవకులకు మధ్య ఉండవలసిన సహకారమును గూర్చి మాట్లాడమని అజరయ్యగారిని అడిగారు. ఆ సభలో కూర్చున్నవారు ఎవరు? ఆయనకు చదువు చెప్పినవారు, ఆయనకు ఉద్యోగమిచ్చినవారు, ఆయన్ను ప్రేమతో పెంచినవారు, రేపు ఆయన సేవకు సహాయము చేయవలసినవారు. నాలుగు తీపిమాటలు చెప్పి, చప్పట్లు కొట్టించుకొని వచ్చివేయవచ్చును. మనలో చాలామందిమి అదే చేస్తాము, దానికి మర్యాద అని పేరు పెడతాము.

ఆయన అలా చేయలేదు. మిషనరీలకు, భారతీయ సేవకులకు మధ్య ఉన్నది స్నేహము కాదని, జీతమిచ్చే దొరకు, జీతము తీసికొనే నౌకరుకు మధ్య ఉండే సంబంధమని నిండు సభలో చెప్పారు. ఏండ్ల తరబడి ఒకే ఊరిలో ఒకే ప్రభువు పని చేస్తున్నా, భారతీయ గురువును ఇంటికి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టుకొన్న దొరలు ఎంతమంది అని అడిగినట్లే మాట్లాడారు. అలాగని వారి త్యాగమును తక్కువ చేయలేదు. వారు తమ ఆస్తి పంచిపెట్టారని, దేహములను ధారపోశారని, భారతదేశపు సంఘము తరతరములు దానికి కృతజ్ఞత కలిగియుంటుందని ఒప్పుకొన్నారు. పౌలు కొరింథీయులకు వ్రాసిన ప్రేమాధ్యాయమును తలచుకొని, ఇవన్నీ ఇచ్చినవారు ప్రేమను కూడా ఇవ్వవలెనని, తమకు కావలసినది స్నేహితులని వేడుకొని ముగించారు.

సభ నిశ్చేష్టమైనదని చెప్పుకొంటారు. కొందరు దొరలు నొచ్చుకొన్నారు, కొందరికి కోపము వచ్చినది. సాయము పొందినవాడు సాయము చేసినవారినే తప్పుపట్టడమా అన్నది వారి బాధ. ఇక్కడ మేము ఒకటి గమనించాము. ఆయన ఆరోపణతో ఆగలేదు, ఒక విన్నపముతో ఆగారు. పగ తీర్చుకొనేవాడు ఎదుటివానిని పడగొట్టి వెళ్లిపోతాడు. అజరయ్యగారు తాము తప్పుపట్టినవారి స్నేహమునే కోరారు. సత్యము చెప్పి సంబంధము తెంచుకొనుట తేలిక, సంబంధము కోసము సత్యము మింగివేయుట ఇంకా తేలిక. సత్యము చెప్పి, అదే మనుష్యులతో ముప్పది అయిదేండ్లు కలిసి పని చేసినవారు ఆయన.

ఆ ప్రసంగము జరిగిన రెండేండ్లకే 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్పు అభిషేకము జరిగినది. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుపట్టి దీనిని సాధించారు. అభ్యంతరములు తక్కువేమీ కావు. నల్లవాని క్రింద తెల్లవారు పని చేస్తారా, భారతీయునికి డబ్బు, పరిపాలన అప్పగించవచ్చునా అన్న మాటలు బాహాటముగానే వినబడినవి. అందుచేత మొదట ఆయనకు అప్పగించినది దోర్నకల్ చుట్టుపట్ల చిన్న ముక్క మాత్రమే. 1841 నుండి మచిలీపట్నములో పాదుకొన్న సి.ఎం.ఎస్. వారి కృష్ణా, గోదావరి సంఘములు 1920 ప్రాంతములో ఆయన పాలన క్రిందికి వచ్చినవి. ఎడింబరోలో ఎవరిని గూర్చి మాట్లాడారో అటువంటి దొరలకే ఇప్పుడు ఆయన బిషప్పు. ఎడింబరో మాటలకు అప్పుడే పరీక్ష వచ్చినది. తనకు లభించని స్నేహమును తాను వారికి ఇస్తారా, లేక లెక్క సరిచేసికొంటారా? ఆయన బల్ల దగ్గర దొరలకు, దేశీయులకు ఒకే చోటు. మొదట సందేహించినవారిలో అనేకులు ఆయన క్రింద సంతోషముతో పని చేశారు.

ఇక పల్లెల సంగతి. అజరయ్యగారి హృదయమంతా అక్కడనే ఉన్నది గనుక మేము కూడా కొంచెము ఎక్కువసేపు అక్కడ నిలుస్తాము. సంఘములో చేరుతున్నవారిలో నూటికి తొంబదిమంది మాలపల్లెల, మాదిగవాడల ప్రజలు. నిజాం రాష్ట్రములో వారికి వెట్టి తప్పదు. దొర కబురు వస్తే పొలములో పని, ఇంటిలో జబ్బు అన్నీ వదలి వెళ్లాలి. ఊరి బావి ముట్టరాదు, ఊరి దారిలో చెప్పులు వేయరాదు. ఇటువంటివారిని చూచి జాలిపడని క్రైస్తవుడు లేడు. అయితే ఆ జాలి చాలాసార్లు ఎలా ఉండేది? పాపము వీరు పేదలు, చదువులేనివారు, వీరిని ఏమీ అడుగరాదు, వీరికి ఇస్తూ ఉండవలెను, అంతే. అజరయ్యగారు ఆ రకపు జాలిని ఒప్పుకోలేదు. మనిషిని ఏమీ అడుగకపోవడమంటే అతనికి ఇచ్చుటకు ఏమీ లేదని తీర్పు చెప్పడమే అని ఆయన నమ్మకము. ఊరివారు వేల ఏండ్లు ఆ తీర్పే చెప్పారు. సంఘము కూడా అదే చెప్పరాదు.

కనుక ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లె పల్లెకు తిరిగి, వారితో నేలమీద కూర్చుండి, వారి ముఖము ఎదుటనే చెప్పేవారు. మీకు నాలుగు దయ్యములు పట్టినవి, మురికి, రోగము, అప్పు, తాగుడు అని వాటికి పేర్లు పెట్టారు. కల్లు మానండి, చచ్చిన పశువును తినడము మానండి, పిల్లలకు బాల్యవివాహములు చేయకండి, పెండ్లికని షాహుకారు దగ్గర అప్పు చేసి మూడు తరములు వెట్టి చేయకండి. ఈ మాటలు ఊరి పెత్తందారు చెప్పి ఉంటే తిట్టుగా వినబడేవి. అజరయ్యగారి నోట అవి తిట్టుగా వినబడకపోవుటకు కారణము, ఆ మాటలతోబాటు బడి వచ్చినది, మందు వచ్చినది, పిల్లలకు హాస్టలు వచ్చినది, చేతిపని నేర్పే చోటు వచ్చినది. అంతకంటె ముఖ్యముగా చెప్పినవాడు వెళ్లిపోలేదు. మరుసటేడు మళ్లీ వచ్చాడు, పేరుపెట్టి పలకరించాడు.

ఇవ్వడము విషయములో ఆయన చాలా గట్టివారు. ఎంత పేద ఇంటనైనా వంటకు బియ్యము కొలిచేటప్పుడు ఒక పిడికెడు ప్రభువుకని కుండలో తీసిపెట్టవలెనని నేర్పారు. కోతపండుగలో ధాన్యము, కోళ్లు, గుమ్మడికాయలు, గ్రుడ్లు బలిపీఠము ఎదుట చేరేవి. కూలినాలి చేసికొనేవారి దగ్గర కానుక పట్టడము కఠినమని అప్పుడు విమర్శించినవారు ఉన్నారు. ఇప్పటికీ మన కమిటీలలో ఆ వాదన వినబడుతూనే ఉన్నది, దానిలో నిజము లేకపోలేదు. కానుక కోసము పేదవానిని సిగ్గుపరచే చోట్లు మనకు తెలుసు. అజరయ్యగారు మాత్రము దానిని వేరు విధముగా చూచారు. పుట్టింది మొదలు చేయి చాచడమే తెలిసినవాడు ఒకనాడు తన చేతితో ఇచ్చినప్పుడు అతని నడుము నిటారుగా అవుతుంది. ఈ విషయము మీద క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము అనేక భాషలలోనికి వెళ్లినది.

ఇంకొక ఆచారము మన తాతల కాలపువారికి బాగా జ్ఞాపకము. బాప్తిస్మము పొందినవారిని తమ చేయి తమ తలమీద పెట్టుకోమని, తాము బాప్తిస్మము పొందినవారమని, సువార్త ప్రకటింపకపోతే తమకు శ్రమ అని అందరి ఎదుట ఒప్పుకోమని చెప్పించేవారు. అక్షరము రాని కూలిస్త్రీ తలమీద చేయి పెట్టుకొని అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటను తన మాటగా చెప్పడము! బోధించుట గురువుల పని, వినుట మన పని అనుకొనే మనకు ఇది కొంచెము ఇబ్బందిగానే ఉంటుంది. ఏడాదికొకసారి సాక్ష్యపు వారములో పల్లెల సంఘస్థులు పనులు మాని చుట్టుపట్ల ఊళ్లకు పాటలతో వెళ్లేవారు. 1930 ప్రాంతములలో కొన్నిచోట్ల శూద్ర కులములవారు కూడా సంఘములో చేరసాగారు. వారు ప్రసంగములు విని వచ్చినది తక్కువ. నిన్నటిదాక తమ పశువుల కొట్టములో పని చేసినవాడు తాగుడు మాని, పిల్లలను చదివించి, తలెత్తి నడుస్తూ ఉంటే చూచి వచ్చినది ఎక్కువ.

ఆ పల్లెలనుండియే గురువులను ఏర్పరచారు. ఇంగ్లీషు రానివానికి గురుపట్టమేమిటి అన్నవారికి ఆయన జవాబు దోర్నకల్‌లోని వేదశాస్త్ర పాఠశాల. అక్కడ శిక్షణ తెలుగులోనే. భర్త చదువుతూ ఉంటే భార్యకు కూడా పాఠములు ఉండేవి. అన్బు అమ్మగారు ఆ స్త్రీల బాధ్యత తమమీద వేసికొన్నారు. ఈనాటి మన అయ్యగార్ల ఇళ్లలో ఆ తరపు అమ్మగార్ల క్రమము ఇంకా కొంత మిగిలియున్నదంటే అది ఆమె చలువే. ఆరాధనలో తెలుగు కీర్తనలు, మన రాగములు, మన తాళములు ఉండవలెనని బిషప్పుగారు పట్టుపట్టారు. ఆయన చివరి దినముల నాటికి అధ్యక్ష మండలములో సంఘస్థులు రెండు లక్షలు దాటారు, గురువులు నూటికి పైగా ఉన్నారు, వారిలో దాదాపు అందరూ భారతీయులే.

సంఖ్య పెరిగితే సమస్య పెరగదా? పెరిగినది. మాలవారు ముందు చేరిన పల్లెలో మాదిగవారు వస్తామంటే మొదటివారు ముఖము చిట్లించేవారు. వేరే బావి, వేరే చాప, వేరే వరుస. బయట ఊరివారు తమకు చేసినదే లోపల వీరు ఇంకొకరికి చేయబోయారు. ఇక్కడ అజరయ్యగారు మెత్తబడలేదు. ప్రభువు బల్ల ఒకటే, పాత్ర ఒకటే. కులమును గుమ్మము బయట విడిచి రానివాడు ఇంకా లోపలికి రానట్లే. అయినా ఆయన సంఘములను మూసివేయలేదు, మొండివారిని తరిమివేయలేదు. మళ్లీ మళ్లీ వెళ్లారు, మళ్లీ మళ్లీ చెప్పారు. పూర్తిగా గెలిచారని మేము వ్రాయలేము. మన శ్మశానములలో, మన సంబంధముల బేరములలో, మన ఎన్నికల చీటీలలో ఈ సంగతి ఎక్కడిదాక వచ్చినదో ఈ సంచిక చదివే ప్రతి సంఘస్థునికి తెలుసు. ఆయన కడిగిన గాయము అది. మనము దానిని మళ్లీ మట్టిలో పెట్టుకొన్నాము.

రాజకీయముల విషయములో కూడా ఆయన తనవారికే కష్టమైన మాట చెప్పారు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించిన కమ్యూనల్ అవార్డు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చినది. సంతోషించినవారు అనేకులు, అజరయ్యగారు వ్యతిరేకించారు. సంఘము ఓట్లకోసము తలలు లెక్కించుకొనే ఇంకొక కులము అయిపోతుందని, అప్పుడు బాప్తిస్మము కూడా రాజకీయమైపోతుందని ఆయన భయము. ఇది తప్పని వాదించేవారు మన మధ్య ఉన్నారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసిన తరువాత, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చినది క్రైస్తవ దళితులకు ఇవ్వని తరువాత, హక్కు అడుగుట తప్పా అని మన యువకులు అడుగుతారు. తప్పు కాదు. అది వేరు, ప్రత్యేక నియోజకవర్గము వేరు. అయితే ఆయన తన సంఘమునకు వచ్చే లాభమునే త్రాసులో వేసి తూచగలిగారన్నది మాత్రము ఎవరమూ కాదనలేము.

ఆ మనిషినే నాలుగేండ్ల తరువాత, సంఖ్యకోసము పేదలను మతము మారుస్తున్నవారిలో ఒకరుగా విమర్శించడము విచిత్రము. 1936, 1937 సంవత్సరములలో గాంధీగారు తమ హరిజన్ పత్రికలో మిషనరీల పనిని, సామూహిక మతాంతరములను గట్టిగా తప్పుపట్టారు. హరిజనులకు వేదాంతము తెలిసికొని మతము ఎన్నుకొనే శక్తి లేదన్నది ఆయన వాదనలో ఒక భాగము. దేశమంతా గాంధీగారిని మహాత్ముడని కొలిచే దినములవి. అజరయ్యగారికి కూడా దేశాభిమానము తక్కువ కాదు, గాంధీగారి మీద గౌరవమూ ఉన్నది. కాని తాను ముప్పది ఏండ్లుగా పేరు పేరునా ఎరిగిన మనుష్యులకు ఆత్మ విషయములో సొంత బుద్ధి లేదనడమును ఆయన సహింపలేకపోయారు. ధనలోభము చూపి, భయము చూపి ఎవరినీ చేర్చుకోరాదని ఆయన కూడా ఒప్పుకొన్నారు. తన సంఘములలో అటువంటిది ఉంటే ఖండించారు. కాని పల్లెటూరి పేదవాడు నేను క్రీస్తును ఎన్నుకొన్నానని చెబితే ఆ మాటను నమ్మడమే అతనికి చేసే మర్యాద అని నిలిచారు. గాంధీగారు వారిని ప్రేమించారు, సందేహము లేదు. అజరయ్యగారు వారిని నమ్మారు. ఈ రెంటికి ఉన్న భేదము చిన్నది కాదని మా అభిప్రాయము.

1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, దోర్నకల్ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగినది. ఆగుతూ సాగుతూ సుమారు పాతిక సంవత్సరములు పట్టిన నిర్మాణము. దానిని చూచినవారికి చెప్పనక్కరలేదు. ఇంగ్లండు గోపురము కాదు అది. మసీదులను తలపించే గుమ్మటములు, దేవాలయ మంటపములవంటి రాతి స్తంభములు, వాటిమీద మన నేల చెట్లూ పూవులూ, తామరపూవు. మాలపల్లెల, మాదిగవాడల ప్రజలు ఊరి గుడిలో అడుగు పెట్టరాని దినములలో, ఈ దేశపు శిల్పమంతా తమదేనని చెప్పే దేవాలయములోనికి చెప్పులు విడిచి, తలెత్తి నడచి వెళ్లారు. మొదటి ఆరాధననాడు ఆ రాతిమీద చేతులు వేసి తడిమినవారి ఆనందమును ఊహించుటకు పెద్ద కవిత్వము అక్కరలేదు.

ఆయన హృదయములో ఇంకొక భారము ఉన్నది, అది సంఘముల ఐక్యత. పల్లెలో ఒకే కులముగా పుట్టినవారు, క్రీస్తులోనికి వచ్చి, ఒకరు ఆంగ్లికనులు, ఒకరు మెథడిస్టులు, ఒకరు ఇంకొకటి అని చీలిపోవడము ఆయనకు సిగ్గుగా ఉండేది. ఆ పేర్లు మన దేశములో పుట్టినవి కావు, ఆ తగవులు మనవి కావు. 1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన కొద్దిమంది గురువుల సభలో ఆయన ముఖ్యులు; అక్కడ ఆరంభమైన సంభాషణ పాతికేండ్లు నడిచినది. లండన్‌లో లాంబెత్ మహాసభలలో బిషప్పుల ఎదుట విభజన పాపమని, ఇంగ్లండులో అది అలవాటైపోయి ఉండవచ్చును గాని మిషను దేశములలో అది ప్రాణాంతకమని చెప్పారు. ఎడింబరో కంఠమే అది, వయసు మాత్రమే పెరిగినది. తన బిషప్పు పదవి, తన ఆచారములు ఎంతో ప్రియమైనవే అయినా, ఆంగ్లికనులు కానివారి పరిచర్యలో పరిశుద్ధాత్మ పని చేయలేదని ఆయన ఎన్నడూ అనలేకపోయారు. చర్చలు నిలిచిపోయినప్పుడు ఇరువైపులవారు ఆయన మీద విసుగుకొన్నారు. ఆయన ఏ వైపువారినీ విడిచిపెట్టలేదు.

1944 క్రిస్మసు కాలమున కొద్ది దినముల జ్వరముతో పడకవేసి, 1945 జనవరి 1న దోర్నకల్‌లో అజరయ్యగారు ప్రభువునందు నిద్రించారు. వయస్సు డెబ్బది. నూతన సంవత్సరపు ఆరాధనకని వచ్చినవారు ఆయనను సమాధికి సాగనంపవలసి వచ్చినది. ఆయన కట్టించిన కతీడ్రల్ ఆవరణములోనే ఆయన సమాధి ఉన్నది.

రెండేండ్ల తొమ్మిది నెలల తరువాత, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో ఆంగ్లికనులు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చివారు ఒకే సంఘమై దక్షిణ ఇండియా సంఘముగా ఆరాధించారు. తరంగంబాడిలో ముందు కూర్చున్న మనిషి ఆ దినమున లేరు. దోర్నకల్ సంఘములనుండి వెళ్లినవారు ఉన్నారు.